బ్రౌను దొర రెండు కొలువులు

తెలుగు చదువుకొన్న వారి ఇంట బ్రౌను నిఘంటువు వున్నా లేకపోయినా, బ్రౌను పేరు వినని వారుండరు. వేమన పద్యాలను ఏరి కూర్చి అచ్చు వేయించిన దొర ఎవరని అడిగితే ఉన్నత పాఠశాల విద్యార్థి సైతం తడుముకోకుండా చెప్పగలడు. కాని ఆ దొరకు జీవనాధారం ఏమిటని అడిగితే చాలమంది ఆలోచనలో పడతారు. ఆయన ఏదో కళాశాలలో ఆచార్యుడై వుండి, తీరికగా గ్రంథాల మధ్య కూర్చుండి ఈ పనులన్నీ చేసినాడనే భావం మన మనసులలో ఒక మూల వున్నది. నిజం అది కాదు.

తెలుగు గడ్డ మీద వున్నంత కాలం చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. శిస్తు వ్యవహారాలు చూచినాడు. మేజిస్ట్రేటుగాను, న్యాయాధికారిగాను తగవులు విన్నాడు. ప్రభుత్వానికి మొదట పారసీ అనువాదకుడు, తరువాత తెలుగు అనువాదకుడు అయినాడు. చెన్నరాజధానిలో తపాలా శాఖకు అధిపతిగా పనిచేసినాడు. మద్రాసు బ్యాంకులో ప్రభుత్వ పక్షాన డైరెక్టరుగా కూర్చున్నాడు. ఆచార్య పదవి ఆయనకు లభించినది అరువది ఏండ్లు దాటిన తరువాత, అదీ లండను నగరంలో. అప్పటికి నిఘంటువు అచ్చై పుష్కరం గడిచిపోయినది.

మరి నిఘంటువు ఎప్పుడు వ్రాసినట్లు? వ్యాకరణం ఎప్పుడు కూర్చినట్లు? వేలకొలది తాళపత్రాలను ఎప్పుడు సేకరించినట్లు? బడిపని ముగించుకొని సాయంకాలం ఇంటికి చేరి, దీపం ముందు తన స్వంత పుస్తకం తెరుచుకొనే ఉపాధ్యాయునికి ఈ ప్రశ్న కొత్తది కాదు. తరగతి గదికి చెందిన మనిషి వేరు, ఆ దీపం ముందు మనిషి వేరు. ఇద్దరూ ఒకే దేహంలో వున్నారు. ఒకరికి జీతం వస్తుంది, ఇంకొకరికి ఖర్చు అవుతుంది. బ్రౌను కథ ఆ ఇద్దరి కథ.

ఆయన 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో పుట్టినాడు. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతగురువు, ఫోర్టు విలియం కళాశాలలో పెద్ద అధికారి, ప్రాచ్య భాషలపై మక్కువ కలవాడు. బిడ్డలకు చిన్ననాటనే హీబ్రూ, అరబ్బీ, పారసీ, హిందూస్తానీ వంటి భాషల రుచి చూపించినాడు. 1812లో ఆ తండ్రి కన్నుమూసినాడు. కుటుంబం ఇంగ్లండు చేరినది. పిల్లవాడు హెయిలీబరీలో కంపెనీ వారి కళాశాలలో చదువు ముగించుకొని 1817 ఆగస్టులో చెన్నపట్నంలో ఓడ దిగినాడు. అప్పటికి పందొమ్మిదేండ్లు నిండలేదు.

కొత్తగా వచ్చిన దొరలకు దేశభాషలు నేర్పుటకు చెన్నపట్నంలో ఫోర్టు సెయింటు జార్జి కళాశాల వుండేది. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు వద్ద బ్రౌనుకు తెలుగులో అక్షరాభ్యాసం జరిగినది. ఆ చదువు పరీక్ష కోసం చదివిన చదువు. తెలుగు మీద మమకారం పుట్టినదనుటకు అప్పటికి ఏ సూచనా లేదు. 1820లో గవర్నరుగా వచ్చిన థామస్ మన్రో ఆ కళాశాల విద్యార్థులను ఉద్దేశించి ప్రసంగించినాడు. ప్రజల భాష తెలియని అధికారి ప్రజల మంచిచెడ్డలు తెలుసుకొనలేడన్నది దాని సారాంశం. కుర్రవానిపై ఆ మాటలు బాగా పనిచేసినవి. ఆ ఆగస్టులోనే ఆయనను కడపకు పంపినారు. అక్కడ కలెక్టరు హాన్బరీ తెలుగులో ధారాళంగా మాట్లాడే మనిషి. కచేరీలో రైతులు, కరణాలు, సాక్షులు అందరూ తెలుగులోనే మాట్లాడేవారు. కళాశాలలో నేర్చిన పొత్తపు భాషకూ ఈ భాషకూ చాల దూరం. బ్రౌను వినుట ప్రారంభించినాడు.

ఈ వినుట అనే పని ముఖ్యమైనది. తరువాతి కాలంలో ఆయన తెలుగుకు చేసిన సేవలో సగం చెవులతో చేసినదే అని నేననుకొంటాను.

1822లో బందరుకు మారినాడు. అక్కడ వుండగా, 1824లో, డ్యూబోయి అనే ఫ్రెంచి మతగురువు హిందూ ఆచారాల గురించి వ్రాసిన పుస్తకం చేతికి వచ్చినది. అందులో వేమన పేరు కనిపించినది. విచారించగా సామాన్య జనం నోట ఈ పద్యాలు విరివిగా వున్నవనీ, పండితులు మాత్రం వానిని లెక్కలోనికి తీసుకొనరనీ తెలిసినది. ఆయన వ్రాతప్రతులు తెప్పించుట మొదలుపెట్టినాడు. ఒక ప్రతిలో వున్న పద్యం మరొక ప్రతిలో లేదు, వున్నా పాఠం వేరు. ఒక్కొక్క పద్యానికి పాఠాంతరాలు పోల్చి, ఎంచి, ఇంగ్లీషులోనికి అనువదించినాడు. 1829లో 693 పద్యాలతో ఆ పుస్తకం వెలువడినది. పదేండ్ల తరువాత 1839లో వచ్చిన రెండవ కూర్పులో పద్యాల సంఖ్య 1164కు పెరిగినది.

నడుమ 1825లో రాజమహేంద్రవరంలో పనిచేసిన కాలంలో తెలుగు సాహిత్యం ఎంత దీనస్థితిలో వున్నదో ఆయన కండ్లకు కట్టినది. కావ్యాలు అచ్చులో బహు తక్కువ. వున్న తాళపత్రాలు పురుగుల పాలవుతున్నవి. తప్పులు లేని ప్రతి దొరకుట దుర్లభం. ఈ పని ఒకరి వల్ల అయ్యేది కాదని ఆయన గ్రహించినాడు. సాయంకాలం రెండు గంటలు చదువుకొనే సరదా అయితే అక్కడనే ఆగిపోయేది. ఆయన ఆగలేదు. మళ్ళీ కడపకు వచ్చిన తరువాత అక్కడ ఒక బంగళా, తోట కొని, పండితులను, వ్రాయసగాండ్రను చేర్చి, స్వంత ఖర్చుతో ఒక కార్యశాలనే నడిపినాడు. జనం దానిని బ్రౌను కాలేజీ అన్నారు. విద్యార్థులు లేని కాలేజీ అది. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటివారు అక్కడ కూర్చుండి తాళపత్రాలను కాగితం మీదికి ఎక్కించేవారు, పాఠాలు సరిచూచేవారు, టీకలు వ్రాసేవారు. వసుచరిత్రకూ మనుచరిత్రకూ అప్పయ్య చేసిన వ్యాఖ్యలు ఆ శ్రమఫలమే.

దొర పగలు కచేరీలో తీర్పులు చెప్పి, తక్కిన వేళ ఈ పండితుల మధ్య శిష్యుడుగానూ యజమానిగానూ కూర్చునేవాడు. శిష్యుడూ యజమానీ ఒక్కడే అయినప్పుడు ఎంత చిక్కో ఊహించవచ్చును. పండితుని మాట కాదంటే విద్యకు లోపం, ఔనంటే పనికి ఆలస్యం. బ్రౌను స్వభావం కూడ శాంతమైనది కాదు. ఓర్పు తక్కువ, పట్టుదల ఎక్కువ. అయినా ఆ పండితులలో కొందరు ఏండ్ల తరబడి ఆయనను విడువలేదు. జీతం కోసమే అని తేలికగా చెప్పవచ్చును. కాని ఆ కాలంలో కావ్యపాఠం సరిచూచుటకు నెలజీతం ఇచ్చేవారు ఎందరున్నారు? తమ విద్యకు విలువ కట్టిన చోట వారు నిలిచినారు.

ఈ పనికి డబ్బు ఎక్కడిది? కంపెనీ ఇచ్చిన జీతమే. అది చాలనప్పుడు అప్పు. కడపలోను బందరులోను పిల్లలకు ఉచిత పాఠశాలలు కూడ నడిపినాడు గనుక ఖర్చు మరింత పెరిగినది. తోటి దొరలలో పలువురు జీతంలో మిగిల్చి స్వదేశానికి సంపద తీసుకొనిపోయే ఆ రోజులలో, బ్రౌను జీతాన్ని తాటాకులలో పోసినాడు. ఇందులో మరొక సంగతి వున్నది, దానిని దాచిపెట్టుట న్యాయం కాదు. ఆ జీతం ఎక్కడినుండి వచ్చినది? తెలుగు రైతు కట్టిన శిస్తునుండి. కంపెనీ పాలనలో ఆ శిస్తు ఎంత బరువైనదో మన చరిత్ర చెబుతున్నది. బ్రౌను ఆ యంత్రంలో ఒక చక్రం. ఆయనను మహర్షిని చేయుటకు పూనుకొనే వ్యాసాలు ఈ మాటను తప్పించుకొని పోతూవుంటవి. రైతు సొమ్ములో కొంత భాగమైనా రైతు భాషకు తిరిగి చేరినదని మాత్రం మనం చెప్పగలం.

ఇక కచేరీకీ కావ్యానికీ నడుమ గోడ కట్టుకొని ఆయన రెండు జీవితాలు గడిపినాడనుకొంటే పొరపాటు. ఆయన పుస్తకాల పట్టిక చూస్తే ఆ గోడ కనబడదు. 1852లో వెలువడిన తెలుగు రీడరులో వున్నదేమి? ఉత్తరాలు, వ్యాపారపు జాబులు, పోలీసు వ్యవహారాలు, రెవెన్యూ కాగితాలు. అనగా పగలంతా తన బల్ల మీదికి వచ్చిన సరుకే. అదే సంవత్సరం వచ్చిన జిల్లా నిఘంటువు న్యాయస్థానాలలో వాడే మాటలది. 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు పారసీ, హిందూస్తానీ, ఇంగ్లీషు మాటలు కలిసి తెలుగులో పాతుకొనిపోయిన పదాలది. శుద్ధాంధ్రం కోరే పండితుడు ముట్టని పదాలు ఇవి. ఫిర్యాదు చేసుకొనే రైతు మాత్రం ఇవి లేకుండా ఒక్క వాక్యం చెప్పలేడు. ఆయన పెద్ద నిఘంటువులో కూడ కావ్యపదం పక్కన సంతలో మాట వున్నది. ప్రబంధాలు మాత్రమే చదివిన పండితునికి ఆ రెండవది దొరకదు, కచేరీ మాత్రమే చేసిన దొరకు మొదటిది దొరకదు. ఉద్యోగం ఆయన కాలాన్ని హరించినది, నిజమే. కాని ఆ కాలానికి బదులుగా మాటలు ఇచ్చినది.

అయితే ఉద్యోగమూ మనసూ ఎల్లప్పుడూ ఇట్లా చేయి కలుపుకొని నడవలేదు. 1832-33లో, నందన నామ సంవత్సరాన, గుంటూరు ప్రాంతంలో మహా క్షామం వచ్చినది. డొక్కల కరువు అని పెద్దలు చెప్పుకొనేది అదే. ఐదు లక్షల జనంలో మూడవ వంతుకు తక్కువ కాకుండ నశించినారని అంచనాలున్నవి. అప్పుడు బ్రౌను అక్కడ అధికారి. తక్కిన అధికారులు తమ నివేదికలలో దీనిని ధాన్యపు కొరత అన్నారు. ఆయన కరువు అని వ్రాసినాడు.

ఒక మాటకు ఇంత పట్టింపా అని అడుగవచ్చును. కొరత అంటే అంగడిలో ధాన్యం తక్కువగా వున్నదని అర్థం, కరువు అంటే మనుషులు చనిపోతున్నారని అర్థం. మొదటి మాట వ్రాస్తే దస్త్రం మూసివేయవచ్చును. రెండవ మాట వ్రాస్తే ప్రభుత్వం ఏదో ఒకటి చేయవలసివస్తుంది. మాటకు సరియైన అర్థం వెదకుటయే తన వ్యసనంగా పెట్టుకొన్న మనిషి ఇక్కడ సరియైన మాటనే వాడినాడు. పరిస్థితిని సరిగా నిర్వహించలేదని పైవారు ఆయననే ఆక్షేపించినారు. 1834లో పదవి పోయినది. అప్పులున్నవి, ఆరోగ్యం బాగా లేదు, వయస్సు ముప్పదియారు. ఇంగ్లండుకు బయలుదేరినాడు.

ఆయన అధికారిగా క్షామంలో చేయవలసినదంతా చేసినాడా అన్నది వేరే ప్రశ్న. ఆ విషయంలో పైవారితో వాదం ఏకపక్షంగా తేల్చుటకు నేను సాహసించను. కాని ఒక మాట కోసం నిలబడినందుకు ఆయనను గుర్తుంచుకొనుట మన ధర్మం.

లండనులో పని లేని మనిషి ఏమి చేయవలె? బంధువుల ఇండ్లకు పోవచ్చు, పదవి కోసం పెద్దల గుమ్మాలు ఎక్కవచ్చు. బ్రౌను ఇండియా హౌస్ గ్రంథాలయానికి పోయినాడు. దక్షిణ దేశపు భాషల వ్రాతప్రతులు అక్కడ గుట్టలుగా పడివున్నవి. చదివేవారు లేరు, చదువగలవారు అంతకంటే లేరు. ఆయన వానిని విప్పి, దులిపి, పట్టిక వ్రాసినాడు. మొత్తం 2,106 గ్రంథాలు. అంతటితో ఊరుకొనక, వీని స్థానం లండను కాదు, చెన్నపట్నమని పట్టుబట్టి తిరిగి పంపించే ఏర్పాటు చేయించినాడు. తాను సేకరించిన ప్రతులను కూడ తరువాత చెన్నపట్నపు సాహిత్య సంఘానికి అప్పగించినాడు. 1869లో ఏర్పడిన ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి మెకంజీ సేకరణతోపాటు ఇవే మూలధనమైనవి. ప్రాచీన కావ్యాలకు పాఠపరిష్కరణ చేసిన ఇరువదవ శతాబ్ది పండితులలో ఆ ఆలయపు మెట్లు ఎక్కనివారు అరుదు. పదవి పోయిన మూడేండ్ల కాలం ఈ విధంగా గడిచినది.

1837లో మళ్ళీ చెన్నపట్నం వచ్చినాడు. పారసీ అనువాదకుని ఉద్యోగం ఇచ్చినారు. జిల్లాలలో తిరిగే పని తప్పినది, ఒకచోట నిలిచే వీలు కలిగినది. ఇక పుస్తకాలు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. 1840లో వ్యాకరణం, 1844లో వసుచరిత్ర, 1851లో మనుచరిత్ర. 1846 నుండి తపాలా శాఖ బరువు, తెలుగు అనువాదకుని పని, విద్యామండలి సభ్యత్వం, కళాశాల గ్రంథాలయపు వ్రాతప్రతుల పాలన అన్నీ ఒకేసారి మీద పడినవి. చిత్రమేమంటే ఆయన పెద్ద నిఘంటువు సిద్ధమైనది ఈ ఊపిరి సలపని ఏండ్లలోనే. వేపేరిలోని క్రైస్తవ విజ్ఞాన సంఘపు ముద్రాలయంలో అచ్చై తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో బయటికి వచ్చినది. దానికి జతగా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కూడ వెలువడినది. పాతికేండ్ల పాటు చీటీల మీద, నోటుపుస్తకాలలో, తాళపత్రాల అంచులలో పేరుకొన్న మాటలు అవి.

ఆయనకు సరదాలు లేవా అంటే వున్నవి, అవి కూడ తెలుగులోనే వున్నవి. తన కొలువులోని తాతాచార్యులు అనే పండితుడు హాస్యపు కథలు చెప్పుటలో దిట్ట. బ్రౌను వానిని రావిపాటి గురుమూర్తి శాస్త్రి చేత వ్రాయించి 1855లో అచ్చు వేయించినాడు. మనవారు తమకు తోచినట్లు వ్రాసిన జాబులను, అర్జీలను కూడ పారవేయక కట్టలు కట్టించి దాచినాడు. ఆ కాలపు వాడుక వచనానికి అవి ఎంతటి నిధులో 1970 దశకంలో బంగోరె వంటి పరిశోధకులు వానిని వెలికి తీసినప్పుడు గాని లోకానికి తెలియలేదు.

ఆయన వివాహం చేసుకొనలేదు. ఆ ఇంటిలో పండితుల కంఠాలు వినబడినవే కాని బిడ్డల కేకలు వినబడలేదు. దీనిని కొందరు త్యాగమంటారు. త్యాగం చేసిన వానికి ఆ తలంపు వుండవలె గదా! తనకు కావలసినది ఆయన ఎంచుకొన్నాడు, దాని వెల చెల్లించినాడు. ఆ వెల అందరూ చెల్లించవలెనని గాని, చెల్లించనివారు తక్కువవారని గాని అనుట తగదు. సంసారం నడుపుతూ, పదిమంది బిడ్డలను పెంచుతూ బ్రౌనుకు పాఠాలు సరిచూచిన పండితులు కూడ విద్యకు తక్కువ చేసినవారు కారు. వారి పేర్లు ముఖపత్రాల మీద లేవు, అంతే భేదం.

1855లో ముప్పదియెనిమిదేండ్ల కొలువు విడిచి ఇంగ్లండు వెళ్ళిపోయినాడు. విశ్రాంతి తీసుకొనే వయస్సే. 1857లో వ్యాకరణం రెండవ కూర్పు తెచ్చినాడు. 1863లో కర్ణాటక రాజ్యాల కాలనిర్ణయం గురించి పుస్తకం ప్రకటించినాడు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయినాడు. జీవితమంతా రాత్రివేళ చేసిన పని చివరికి పగటి ఉద్యోగమైనది. ఆ మరుసటి ఏట తన జీవితకథను క్లుప్తంగా వ్రాసుకొన్నాడు. అది తన సాహిత్య జీవితపు వృత్తాంతమని పేరులోనే చెప్పుకొన్నాడు. శిస్తు కచేరీ, న్యాయస్థానం, తపాలా శాఖ ఏవీ ఆ పేరులోనికి ఎక్కలేదు.

1884 డిసెంబరు 12వ తేదీన లండనులో కిల్డేరు గార్డెన్సులోని ఇంటిలో, ఎనుబదియారవ ఏట మరణించినాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి వున్నది. కడపలో ఆయన బంగళా వుండిన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో గ్రంథాలయం వెలసి, తరువాత భాషా పరిశోధన కేంద్రమైనది.

నిఘంటువుకు సవరించిన కూర్పు 1903లో వచ్చినది. సవరించిన ముగ్గురిలో ఒకరు కందుకూరి వీరేశలింగం పంతులు. ఆ పుస్తకం మొదటిసారి అచ్చయిన 1852లో ఆయన రాజమహేంద్రవరంలో నాలుగేండ్ల బాలుడు.